చిన్న వయసులో పోయిన అమ్మమ్మ పుట్టినింటిని వెతకడం: బతికినవాళ్ళ కాగితాల్లో చూడాలి

మీరు రాసినదాన్నిబట్టి నాకు అర్థమైనది ఇది. మీ అమ్మగారిని కన్న తల్లి, బిడ్డకు ఏడాది నిండకముందే, తనకు ఇరవై ఏళ్ళైనా రాకముందే పోయారు. మీ తాతగారు ఆ తర్వాత మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు. మీ అమ్మగారు ఐదారేళ్ళ దాకా ఎక్కడో "అవ్వ దగ్గర" పెరిగి, అక్కడి నుంచి పాత జమ్మలమడుగు తాలూకాలోని తండ్రి ఊరికి వచ్చారు. ఆ అవ్వ ఊరేదో, ఆ ఇంటిపేరేదో, రాకపోకలు ఎందుకు తెగిపోయాయో చెప్పేవాళ్ళు ఇప్పుడు లేరు. ఊళ్ళో మిగిలిన ఒక పెద్దావిడ మాత్రం "విరోధి సంవత్సరం, శెనక్కాయలు పెరికే కాలంలో పోయింది" అన్నారు. మీ అమ్మమ్మగారి పేరు, ఈ ఒక్క మాట, ఇవే మీ చేతిలో ఉన్నవి. మరణ ధ్రువపత్రం కోసం మండల కార్యాలయంలో అడిగితే అంత పాత రికార్డు లేదన్నారు. ఇక ఆమె పుట్టినిల్లు తెలుసుకొనే మార్గం ఉందా అని మీ ప్రశ్న.

నేను తాడిపత్రిలో ముప్పై ఏళ్ళకు పైగా దస్తావేజు లేఖరిగా పనిచేశాను. భాగాల కోసం, వారసత్వం కోసం వంశవృక్షం రాయించుకొనేవాళ్ళతోనే ఆ కాలమంతా గడిచింది. చిన్న వయసులో పోయినవాళ్ళు వాళ్ళ సొంత కాగితాల్లో దొరకరన్నది ఆ పనిలో నాకు బాగా తెలిసివచ్చిన సంగతి. సర్కారు పుస్తకాల్లోకి ఒక మనిషి పేరు ఎక్కాలంటే ఆ మనిషి భూమి కొనాలి, అమ్మాలి, శిస్తు కట్టాలి, బడిలో చేరాలి, ఓటు వేయాలి. 1949లో ఇరవై ఏళ్ళ లోపు పోయిన పల్లెటూరి ఇల్లాలు వీటిలో ఒక్కటీ చేసి ఉండదు. మొదటి సాధారణ ఎన్నికలు జరిగిందే 1951–52లో, అప్పుడు ఓటు వయసు 21 ఏళ్ళు. కాబట్టి ఆమె జాడ ఉంటే ఆమె తర్వాత బతికినవాళ్ళ కాగితాల్లో, సామానులో, మాటల్లో ఉంటుంది. అంటే భర్త, బిడ్డ, తండ్రి, అన్నదమ్ములు, ఆమె పోయాక ఆ ఇంటికి వచ్చిన రెండో భార్య. మీ వెతుకులాటను ఆమె పేరు మీద కాక వీళ్ళ పేర్ల మీద నడపండి.

ముందు కాలాన్ని ఖాయం చేసుకోవాలి. విరోధి నామ సంవత్సరం అరవై ఏళ్ళకొకసారి వస్తుంది. 1889, 1949, 2009లలో వచ్చినవాటిలో మీకు కుదిరేది 1949 ఒక్కటే. అది 1949 ఉగాది నుంచి 1950 ఉగాది దాకా. మన మెట్ట పొలాల్లో ముంగారు శెనక్కాయ పెరికేది ఆశ్వయుజ, కార్తీక మాసాలు అనుకుంటే, ఆమె పోయినది 1949 అక్టోబరు, నవంబరు నెలల్లో, కొంచెం అటూ ఇటూగా. రెవెన్యూ లెక్కల్లో అది ఫసలీ 1359, అంటే 1949 జూలై నుంచి 1950 జూన్ దాకా. పాత అడంగళ్ళు (పొలాల సాగు లెక్కల పుస్తకాలు), కరణం లెక్కలు ఫసలీల వారీగానే ఉంటాయి కనుక ఈ అంకెను రాసిపెట్టుకోండి. మీ అమ్మగారు అప్పటికి ఏడాది లోపు బిడ్డ కాబట్టి ఆమె పుట్టింది 1948 చివరికీ 1949 చివరికీ మధ్య. బడి సర్టిఫికెట్లో జూలై 1 అని ఉందని మీరు రాశారు. బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు తోచిన తేదీ వేయడం ఆ కాలంలో మామూలు, అందులోనూ జూలై 1 పుట్టినవాళ్ళు మన పల్లెల్లో లెక్కలేనంత మంది. ఆ తేదీని పక్కన పెట్టండి. పెద్దవాళ్ళు చెప్పే సంవత్సరం పేరును, పంట కాలాన్ని మాత్రం నమ్మవచ్చు. వాళ్ళు చెప్పే వయసులను నమ్మవద్దు.

ఇక మీరు పొరపాటు పడిన చోటు. మన సీమలో తొలికాన్పు పుట్టినింట జరగడం ఇప్పటికీ ఆచారమే. ఆ రోజుల్లో అయితే దానికి తిరుగు ఉండేది కాదు. నెలలు నిండకముందే పుట్టింటివాళ్ళు వచ్చి పిలుచుకొనిపోయేవారు, బిడ్డకు మూడో నెలో ఐదో నెలో వచ్చాక సారెతో సాగనంపేవారు. మధ్యలో బాలింతకు జబ్బు చేస్తే అక్కడే ఉంచుకొనేవారు. కనుక మీ అమ్మగారు పుట్టింది తండ్రి ఊళ్ళో కాక తల్లి ఊళ్ళోనే అయి ఉండాలి. ఆ తల్లి పోయినది కూడా అక్కడే అయి ఉండే అవకాశం చాలా ఎక్కువ, బిడ్డ అవ్వ దగ్గరే ఉండిపోవడం దానికి మరో బలం. మీరేమో తండ్రి ఊరి మండల కార్యాలయంలో అడిగారు. అక్కడివాళ్ళు లేదన్న మాట నిజమే కావచ్చు, ఎందుకంటే అది ఎన్నడూ అక్కడ ఉండి ఉండదు. తల్లి ఊరి పేరు తెలిస్తే కదా ఆ ఊరి పుస్తకం అడిగేది అని మీరు అనవచ్చు. అందుకే ముందు ఆ ఊరిని నాలుగైదు ఊళ్ళ లోపలికి కుదించాలి. రిజిస్టరు ఊరిని కనుక్కోవడానికి పనికిరాదు, అనుకున్న ఊరు అవునో కాదో తేల్చుకోవడానికి పనికివస్తుంది.

కుదించడానికి మొదటి ఆధారం మీ చేతిలోనే ఉంది, ఆమె పేరు. మీరు రాసిన పేరు గూగూడు కుళ్లాయిస్వామి పేరు మీద పెట్టినది. గూగూడు ఇప్పటి నార్పల మండలంలో, అనంతపురం జిల్లాలో ఉంది. అక్కడ మొహర్రానికి హిందువులూ ముస్లింలూ కలిసి పీర్ల పండగ చేస్తారు. పిల్లలు నిలవని ఇళ్ళవాళ్ళు, సంతానం లేనివాళ్ళు అక్కడ మొక్కుకొని, పుట్టిన బిడ్డకు ఆ స్వామి పేరు పెట్టుకుంటారు. మన సీమలో పేరు చూసి దిక్కు చెప్పవచ్చునంటే అతిశయోక్తి కాదు. ఓబులేసు, ఓబుళమ్మ అంటే అహోబిలం మొక్కు. కదిరప్ప అంటే కదిరి నరసింహస్వామి. మద్దిలేటి అన్నా ఉరుకుందప్ప అన్నా కర్నూలు వైపు. దస్తగిరి, మస్తాన్, హుస్సేనప్ప వంటి పేర్లు దర్గా మొక్కులు, ఆ పేర్లు గల హిందువులు ఊరూరా ఉన్నారు. పెంటయ్య, పుల్లయ్య వంటి పేర్లున్న చోట ఆ బిడ్డకు ముందు పుట్టినవాళ్ళు పోయారని అర్థం. బిడ్డ దక్కాలని పెంటకుప్ప మీద దొర్లించి, ఎంగిలి విస్తరిలో వేసి పెట్టిన పేర్లవి. మీ అమ్మమ్మగారి పేరు తాడిపత్రి, నార్పల, శింగనమల, యల్లనూరు వైపు చూపిస్తున్నది. జమ్మలమడుగు తాలూకాకు అటువైపు పొరుగు తాడిపత్రి తాలూకాయే కాబట్టి సంబంధాలు కలుపుకోవడానికి దూరం కూడా కాదు. ఇది సాక్ష్యం కాదు, దిక్కు మాత్రమే. గూగూడుకు కడప జిల్లా వాళ్ళు కూడా మొక్కుకొనేవారు.

రెండో ఆధారం మేనరికం. ఆ కాలంలో పిల్లను బయటి ఇంటి నుంచి తెచ్చుకోవడం కంటే మేనమామకో మేనత్త కొడుక్కో ఇవ్వడమే ఎక్కువ. అందువల్ల మీ తాతగారి తల్లి పుట్టినిల్లు ఏదో, ఆయన అక్కచెల్లెళ్ళను ఏ ఊరికి ఇచ్చారో ముందు తెలుసుకోండి. కుండమార్పిడి పెళ్ళిళ్ళు, అంటే ఇటు పిల్లను అటు ఇచ్చి అటు పిల్లను ఇటు తెచ్చుకోవడం, మా వైపు సర్వసాధారణం. మీ తాతగారి చెల్లెలు కాపురం చేసిన ఇల్లే మీ అమ్మమ్మగారి పుట్టినిల్లు అయినా ఆశ్చర్యపోవద్దు. ఒక్కోసారి చనిపోయిన భార్య చెల్లెలినే ఇచ్చి రెండో పెళ్ళి చేసేవారు. మీ రెండో అమ్మమ్మగారి ఇంటిపేరు అడిగారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు.

ఆమె విషయమే ఇంకొంచెం చెప్పాలి. సవతి కథ కాబట్టి ఆమె పిల్లలను అడగడానికి మొహమాటపడుతున్నానని రాశారు. నా అనుభవంలో పోయిన మొదటి భార్య సంగతి అందరికంటే బాగా తెలిసింది రెండో భార్యకే. పోయినామె ముత్తైదువగా పోయింది కనుక పెద్దల పండగనాడో మరో నాడో ఆమె పేరిట చీర, పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకొనే ఆచారం చాలా ఇళ్ళల్లో ఉంది. కొన్ని ఇళ్ళల్లో రెండో భార్య ఆమె పేరిట మెడలో చిన్న బంగారు బిళ్ళ వేసుకొనేది. ఆ పూజ చేసింది రెండో భార్యే, చూసింది ఆమె కూతుళ్ళూ కోడళ్ళూ. చీర ఏ రోజున పెట్టేవారు, పుట్టింటి నుంచి ఎవరైనా వచ్చేవారా అని మీ పిన్నమ్మలను అడగండి. ప్రశ్న "ఆమె ఎవరు" అని కాకుండా "ఆ చీర ఎప్పుడు పెట్టేవారు" అని మొదలైతే మాటలు వాటంతట అవే వస్తాయి.

వాళ్ళ ఇంటికి వెళ్ళినప్పుడు అటక మీద ఉన్న ఇత్తడి, రాగి సామాను దింపించి చూడండి. పుట్టింటివాళ్ళు సారెలో ఇచ్చిన బిందెలు, గంగాళాలు, చెంబుల మీద ఇచ్చినవాళ్ళ పేరు, ఒక్కోసారి ఊరు, తేదీ చుక్కలతో చెక్కించేవారు. అంచు కింద, మెడ చుట్టూ, అడుగున చూడాలి. చింతపండుతో తోమి పక్కవాటుగా వెలుతురు పడేలా పట్టుకుంటే అరిగిన అక్షరాలు కూడా కనిపిస్తాయి. ఈ సలహా పుస్తకాల్లో చదివి ఇస్తున్నది కాదు. నా సంగతీ మీ సంగతి వంటిదే. మా నాన్నకు మా అమ్మ రెండో భార్య. మొదటి ఆమె, నేను చూడని మా పెద్దమ్మ, పందొమ్మిదో ఏట బాలింతగా పోయింది, బిడ్డ కూడా దక్కలేదు. మా అమ్మ ఆమె బిందెతోనే ముప్పై ఏళ్ళు నీళ్ళు మోసింది. దాని మీద ఆమె తండ్రి పేరూ, "కొత్తపల్లె" అని ఊరి పేరూ ఉన్నాయి. నేను వెంటనే మాకు దగ్గరలోని కొత్తపల్లెకు పరుగెత్తి, అదే పేరున్న ఒక కుటుంబాన్ని పట్టుకొని, ఏడాది పాటు వాళ్ళను మా బంధువులనే నమ్మాను. మన మూడు జిల్లాల్లో కొత్తపల్లెలు ఎన్ని ఉన్నాయో దస్తావేజులు రాసేవాడినై ఉండి కూడా ఆ తొందరలో తలచుకోలేదు. అసలు ఊరు అది కాదని తేల్చింది వేరే తాలూకా పుస్తకంలో మా పెద్దమ్మ కన్న బిడ్డ జననం నమోదై ఉండటం. ఊరి పేరు దొరికితే దాని తాలూకా పేరు కూడా దొరికేదాకా ఎక్కడికీ బయలుదేరవద్దు.

ఇక రిజిస్టర్లు. 1949లో మన జిల్లాలు మద్రాసు ప్రభుత్వం కింద ఉండేవి. పల్లెల్లో జననమరణాల నమోదు 1899 నాటి మద్రాసు చట్టం ప్రకారం జరిగేది, పుస్తకం గ్రామ మునసబు దగ్గర ఉండేది. ఇప్పుడు అమలులో ఉన్న కేంద్ర చట్టం 1969లో వచ్చింది. జననాల పుస్తకంలో మీ అమ్మగారి పేరు కోసం చూడకండి. పేరు పెట్టకముందే నమోదయిన బిడ్డలకు పేరు ఉండదు. తండ్రి పేరు, ఆయన ఊరు, ఆడబిడ్డ అన్న మాట, ఇవే గుర్తులు. మునసబు, కరణం వంటి గ్రామాధికారుల పదవులు 1984 జనవరిలో రద్దయ్యాయి, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. పుస్తకాలు మునసబు ఇంటి నుంచి ఒకసారి, పాత తాలూకా కార్యాలయం నుంచి మరోసారి చేతులు మారాయి. కాబట్టి ఊరి మండల కార్యాలయంలో లేదంటే పాత తాలూకా కేంద్రంలోని తహసీల్దారు కార్యాలయంలో కూడా అడగాలి. మీరు చూడవలసిన ప్రాంతంలో తాడిపత్రి అప్పుడూ ఇప్పుడూ అనంతపురం జిల్లాయే. కోయిలకుంట్ల అప్పుడు కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. కదిరి 1910 దాకా కడప జిల్లాలో ఉండి తర్వాత అనంతపురానికి మారి, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఒకవేళ ఆ ఊరు కొండాపురం మండలంలో గండికోట జలాశయం కింద మునిగిన తాళ్ళప్రొద్దుటూరు వంటి ఊరైతే, మనుషులను పునరావాస కాలనీల్లో వెతకాలి. భూసేకరణ అవార్డు (పరిహారం తేల్చిన ఉత్తర్వు) కాగితాల్లో పట్టాదారుల పేర్లూ వారసుల పేర్లూ దొరుకుతాయి.

నోటితో అడిగితే లేదనే జవాబే వస్తుంది, అది వాళ్ళ దురుద్దేశం కూడా కాదు, బీరువాలో వెతికే తీరిక ఉండదు. సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా అడగండి. మండల స్థాయిలో రుసుము 5 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. అందులో సర్టిఫికెట్ ఇమ్మని అడగవద్దు. "ఫలానా గ్రామానికి 1948 అక్టోబరు నుంచి 1950 మార్చి వరకు గల జనన, మరణ రిజిస్టర్లు మీ కార్యాలయంలో ఉన్నవా, లేకుంటే ఏ కార్యాలయానికి ఎప్పుడు పంపారు" అని అడగండి. పుస్తకం ఉందని తేలితే నకలుకు విడిగా దరఖాస్తు చేసుకోవచ్చు. నకలులో మరణ కారణం ఇవ్వరు. 1969 చట్టం 17వ సెక్షనే దాన్ని వెల్లడించరాదంటుంది కనుక గుమాస్తాతో వాదించి ప్రయోజనం లేదు. ఇప్పుడు కొత్తగా ఆలస్యపు నమోదు చేయించుకోమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మీరు చెప్పిన మాటలనే మళ్ళీ మీకు కాగితం మీద రాసిచ్చే పని అది, దానితో కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు.

నా వృత్తి కాబట్టి నాకు ఎక్కువ నమ్మకం రిజిస్ట్రేషన్ కార్యాలయం మీద. ఆడపిల్లకు పసుపు కుంకుమ కింద ఎకరమో అరెకరమో రాసివ్వడం మన రైతు కుటుంబాల్లో ఉన్నదే. ఆమె పోయాక ఆ భూమి పాత హిందూ ధర్మశాస్త్రం ప్రకారం స్త్రీధనంగా కూతురికి, అంటే పసిబిడ్డ అయిన మీ అమ్మగారికి వస్తుంది. ఆ బిడ్డ మైనరు కాబట్టి దాన్ని అమ్మినా, మేనమామలకే తిరిగి రాసిచ్చినా, కాగితం మీద "మైనరు ఫలానా, గార్డియన్ తండ్రి ఫలానా" అని మీ తాతగారి పేరు వస్తుంది. భూమి ఏ కార్యాలయం పరిధిలో ఉంటే అక్కడే రిజిస్టరు చేయాలన్నది చట్టం. మీకు కావలసిన కీలకం ఇక్కడే ఉంది. మీ తాతగారి సొంత భూములన్నీ జమ్మలమడుగు కార్యాలయం కింద ఉంటాయి. ఆయన పేరు తాడిపత్రి పుస్తకాల్లోనో, కోయిలకుంట్ల పుస్తకాల్లోనో, ప్రొద్దుటూరు పుస్తకాల్లోనో కనిపించిందంటే, ఆయనకు అక్కడ భూమి ఎలా వచ్చిందని అడగాలి. చాలాసార్లు జవాబు భార్య వైపు నుంచి అన్నదే.

ఇందుకు ఈసీ (ఒక ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) పనికిరాదు. ఈసీకి సర్వే నంబరు కావాలి, ఆన్‌లైన్‌లో దొరికేవి కూడా 1983 తర్వాతి లావాదేవీలే. మీరు అడగవలసింది ఒకటో నంబరు ఇండెక్సు. అందులో రాసిచ్చినవాళ్ళ, రాయించుకున్నవాళ్ళ పేర్లు ఏడాది వారీగా ఉంటాయి. రెండో నంబరు ఇండెక్సు ఆస్తి వారీగా ఉంటుంది. స్థిరాస్తి దస్తావేజులు ఎక్కే ఒకటో పుస్తకాన్నీ దాని ఇండెక్సులనూ రుసుము చెల్లించి ఎవరైనా చూడవచ్చునని రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ చెబుతుంది. వీలునామాల పుస్తకానికి మాత్రం ఆ వెసులుబాటు లేదు. 1949 నుంచి మీ అమ్మగారు మేజరు అయ్యేదాకా, అంటే సుమారు 1968 దాకా, మీ తాతగారి పేరు వెతికించండి. చేయి తిరిగిన దస్తావేజు లేఖరి సాయం తీసుకుంటే రెండు మూడు రోజుల పని. దొరికితే నకలు తీసుకొని మొదటి పేరా నిదానంగా చదవండి. "ఫలానా తాలూకా ఫలానా గ్రామ కాపురస్తుడు, జీవనం సేద్యం" అంటూ తండ్రి పేర్లతో సహా మొదలయ్యే ఆ వరుసలోనూ, ఆస్తి ఎలా సంక్రమించిందో చెప్పే వాక్యంలోనూ, కింద సాక్షుల సంతకాల్లోనూ మీకు కావలసిన ఇంటిపేరు ఉంటుంది. సాక్షుల్లో ఒకరు చాలాసార్లు ఆ పిల్ల మేనమామో, ఆ ఇంటికి దగ్గరి మనిషో అయి ఉంటారు. మరొక మాట. 1956లో వచ్చిన హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం తర్వాత మైనరు స్థిరాస్తిని తండ్రి అయినా కోర్టు అనుమతి లేకుండా అమ్మరాదు. ఆ తర్వాతి అమ్మకమైతే, అనుమతి ఉత్తర్వు తీసుకొని ఉంటే, దాని నంబరు దస్తావేజులోనే రాస్తారు. ఆ కోర్టు కాగితంలో తల్లి తరపు వివరాలు ఇంకా విపులంగా ఉంటాయి.

బడి కాగితాల్లో ఒక్క విషయమే చూడాలి. మీ అమ్మగారు ఐదారేళ్ళ దాకా అవ్వ ఊళ్ళో ఉన్నారు కనుక మొదట అక్కడి బడిలోనే చేర్చి ఉండవచ్చు. అడ్మిషన్ రిజిస్టరులో తండ్రి లేదా సంరక్షకుడు అన్న గడిలో తాత పేరో మేనమామ పేరో ఉంటుంది.

పిచ్చిగుంట్లవాళ్ళు, ఇప్పుడు వంశరాజులంటున్నారు, కర్ణాటక సరిహద్దు వైపు హెళవలు, ఇంటిపేర్లూ గోత్రాలూ చెబుతూ పంటల కాలంలో తిరిగేవారు. మీ తాతగారి ఇంటికి వచ్చే వంశరాజు కుటుంబం ఇంకా ఉంటే వాళ్ళను కలవడం మంచిదే. వాళ్ళు చెప్పే వరుస మగవాళ్ళదే అయినా, ఏ ఇంటి ఆడబిడ్డను తెచ్చుకున్నారో కూడా కొందరు చెబుతారు. విన్నది రాసుకోండి, రిజిస్టరుతో సరిపోయేదాకా ఖాయం చేసుకోకండి.

మీరు ఇంగ్లీషు వెబ్‌సైట్లు చూసి జనాభా లెక్కల కాగితాల కోసం ఢిల్లీకి రాయాలనుకుంటున్నారు. అది మానుకోండి. అమెరికాలో, ఇంగ్లండులో పాత లెక్కల్లో ఇంటింటి పేర్లు చూడనిస్తారు. మన 1948 జనాభా లెక్కల చట్టం 15వ సెక్షన్ వ్యక్తుల వివరాలను ఎవరికీ చూపరాదంటుంది. ఉమ్మి నమూనా ఇచ్చి చేయించుకొనే డిఎన్‌ఏ పరీక్ష తల్లి తరపు పరంపరను చెబుతుందన్నది నిజమే గాని, అది వేల ఏళ్ళ వెనుకటి సంగతి, తాడిపత్రి తాలూకాలో ఏ ఊరో చెప్పదు. కైఫీయతులు చదవమని కూడా ఎవరో సలహా ఇచ్చారు. రెండు వందల ఏళ్ళ కిందటి ఊళ్ళ చరిత్ర కావాలంటే అవి బంగారమే, 1949 నాటి రైతు కుటుంబానికి కాదు.

చివరిగా, ఊరూ ఇల్లూ తెలిసిన తర్వాత ఆ గడప తొక్కడం గురించి చెప్పకుండా ముగిస్తే నా జవాబు సగమే అవుతుంది. రాకపోకలు ఎందుకు తెగాయని మీరు అడిగారు. నేను చూసినవాటిలో సగానికి పైగా కారణం భూమే. 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చాక, తండ్రి వీలునామా రాయకుండా పోతే, అతనికంటే ముందే పోయిన కూతురి పిల్లలు కూడా మొదటి తరగతి వారసులే. అంటే మీ అమ్మగారి తాత 1956 తర్వాత పోయి ఉంటే ఆయన సొంత ఆస్తిలో ఆమెకు కొడుకులతో పాటు హక్కు ఉండేది. ఈ సంగతి మీకు తెలియకపోయినా ఆ ఊళ్ళో మీ అమ్మగారి మేనమామల పిల్లలకు తెలిసే ఉంటుంది. డెబ్బై ఐదేళ్ళ తర్వాత ఒక మగమనిషి నకళ్ళ కట్టతో వచ్చి "మా అమ్మమ్మ ఇంటివాళ్ళు మీరే" అంటే వాళ్ళకు మొదట గుర్తొచ్చేది అమ్మమ్మ కాదు, సర్వే నంబరు. నేను పంపిన ఒక కుటుంబాన్ని గడప దగ్గర నుంచే తిప్పి పంపేశారు. వాళ్ళు వెళ్ళగానే సంచిలోంచి ఈసీ బయటికి తీయడమే కారణం.

అందుకని మొదటిసారి కాగితాలు ఇంట్లోనే పెట్టి వెళ్ళండి. మీ అమ్మగారిని తప్పక వెంట తీసుకెళ్ళండి. ఆమె ముఖంలో పోలిక చూసి గుర్తుపట్టే ముసలివాళ్ళు ఒక్కరైనా ఉంటారు. ఊళ్ళో ముందుగా తెలిసినవాళ్ళ చేత కబురు పంపండి, పండగకు ముందు రోజుల్లో కాకుండా పనులు లేని వేసవిలో వెళ్ళండి. అక్కడి ఆడవాళ్ళకు చీర, పసుపు కుంకుమ, పండ్లు తీసుకెళ్ళండి. ఆస్తి మాట వాళ్ళు ఎత్తకముందే మీరే ఎత్తి, దాని కోసం రాలేదని, అమ్మమ్మ ఫొటో ఉంటే చూసిపోదామని, ఆమెను పూడ్చిపెట్టిన చోటు చూపిస్తే దండం పెట్టుకొని పోదామని చెప్పండి. పోయినామెకు అక్కచెల్లెళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళు ఇప్పుడు ఎనభై, తొంభై ఏళ్ళవాళ్ళు. ముందు వాళ్ళ దగ్గర కూర్చోండి, సెల్‌ఫోన్‌లో మాటలు రికార్డు చేస్తామంటే వాళ్ళను అడిగే చేయండి. జననాల పుస్తకంలో మీ తాతగారి పేరున్న నమోదు దొరికితే, దాన్ని రెండోసారి వెళ్ళినప్పుడు మీ అమ్మగారి చేతనే వాళ్ళకు చూపించండి.